అక్టోబర్ వచ్చేసినా చామంతి ఇంకా మొగ్గ మీదే ఎందుకుంటుంది? అమెరికా డెక్ మీద కుండీల లెక్క

ప్రతి సెప్టెంబర్ ఆఖర్లో మా గార్డెనింగ్ వాట్సాప్ గ్రూపులో ఒకే ఫోటో పది ఇళ్ళ నుంచి వస్తుంది. డెక్ మీద, అంటే ఇంటి వెనక చెక్క అరుగు మీద, పెద్ద కుండీ, అందులో గుబురుగా చామంతి, చివర్లలో బటాణీ గింజంత మొగ్గలు, ఒక్కోసారి అవి కూడా ఉండవు. కింద ప్రశ్న ఒకటే, "కనీసం దీపావళికన్నా పూస్తుందా అండీ?" ఇక మొదలు. డాలస్ నుంచి ఒకావిడ "మాకు దానంతటదే పూస్తుంది, ఏం చెయ్యక్కర్లేదు" అంటారు, ఇంకొకాయన ఉల్లిపాయ తొక్కల నీళ్ళు పొయ్యమంటాడు, ఎవరో మొగ్గలు గిల్లెయ్యమంటారు, ఎవరో గిల్లితే పాపమంటారు, తెనాలి నుంచి మా అమ్మ ఫోన్లో "చామంతి కార్తీకంలోనే కదే పూసేది, నీకంత తొందరేంటి" అంటుంది. అమ్మతో సహా వీళ్ళల్లో చాలామంది చెప్పింది వాళ్ళ వాళ్ళ ఊళ్ళో కరెక్టే, నేనుండే న్యూజెర్సీ ఎడిసన్ పక్కన మాత్రం ఆ లెక్క పనిచెయ్యదు. ఎందుకు పనిచెయ్యదో ఒకసారి విడదీసి చూద్దాం.

ముందు "మంచు" అనే మాట దగ్గర గందరగోళం

మన భాషలో మంచు అంటే సంక్రాంతి పొద్దున గడ్డి మీద కనపడే నీటి బొట్లూ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేసే పొగా మంచే, ఆకాశం నుంచి రాలే స్నో కూడా మంచే. కుండీకి వీటిల్లో ఏదీ అసలు శత్రువు కాదు. శత్రువు ఫ్రాస్ట్, అంటే ఆకు వేడి సున్నా డిగ్రీల సెల్సియస్‌కి, ఇక్కడి లెక్కలో 32 ఫారెన్‌హీట్‌కి దిగిపోయి గాల్లో తేమ ఆకు మీదే తెల్లగా గడ్డకట్టడం. లంబసింగిలో ఏదో ఒక తెల్లారుజామున కనపడి పేపర్లో ఫోటో పడుతుందే, అదే. ఇంకో నాలుగు డిగ్రీలు తగ్గి 28 ఫారెన్‌హీట్ కింద కొన్ని గంటలు ఉంటే దాన్ని హార్డ్ ఫ్రీజ్ అంటారు, అప్పుడు ఆకు కణాల్లో నీళ్ళు గడ్డకట్టి లోపలి పొరలు చిరిగిపోతాయి, మర్నాడు ఎండ రాగానే ఉడకబెట్టిన తోటకూరలా వాలిపోతుంది.

ఇంకో మాట "ఫస్ట్ ఫ్రాస్ట్ డేట్". మా వైపు అది దాదాపు అక్టోబర్ మధ్య నుంచి ఆఖరి వారం లోపు, మినియాపొలిస్‌లో అక్టోబర్ మొదట్లోనే, డాలస్‌లో నవంబర్ రెండో సగం. ఇది క్యాలెండర్‌లో రాసిపెట్టిన ముహూర్తం కాదు, ముప్ఫై ఏళ్ళ రికార్డుల సగటు, అంటే సగం సంవత్సరాల్లో అంతకన్నా ముందే వచ్చేస్తుంది అన్నమాట. దాన్ని నమ్ముకుని సరిగ్గా ఆ రోజుదాకా లెక్కేసుకున్నవాళ్ళు రెండేళ్ళకోసారి మునుగుతారు.

మొక్కలు చూసే గడియారాలు రెండు

మన ఇళ్ళల్లో సెప్టెంబర్‌లో బయట ఉండే కుండీలు మల్లె, కనకాంబరం, మందారం, బంతి, చామంతి, ఇంకా డిసెంబరాలు. వీటన్నిటికీ కలిపి ఒకే సలహా ఇవ్వడం వల్లే సగం గొడవ వస్తోందని నాకనిపిస్తుంది, ఎందుకంటే ఇవన్నీ ఒకే గడియారం చూసుకుని పుయ్యవు.

మల్లె, మందారం, కనకాంబరం ప్రధానంగా వేడి చూస్తాయి. వేడి, ఎండ ఉంటే కొత్త చిగురు వస్తుంది, ఆ చిగురు మీద మొగ్గ వస్తుంది. రాత్రిళ్ళు 50 ఫారెన్‌హీట్ దగ్గరకి వచ్చాయంటే పని ఆపేస్తాయి. వీటిని చలికి ముందు "పూర్తి చేయించడం" అంటే ఉన్న మొగ్గల్ని విప్పించుకోవడం వరకే, కొత్తవి తెప్పించడం కాదు. సెప్టెంబర్‌లో మల్లెకి కత్తెర వేస్తే కొత్త కొమ్మలు వస్తాయని కొందరంటారు, వస్తాయి నిజమే, కానీ ఆ కొమ్మ పెరిగి మొగ్గ పట్టేసరికి బయట దానికి కావాల్సిన వేడి ఉండదు.

చామంతి గడియారం వేరు. అది రాత్రి ఎంత పొడుగుందో చూసుకుంటుంది. వేడి దానికీ ముఖ్యమే, కానీ అసలు "ఇప్పుడు మొగ్గ పెట్టు" అనే ఆర్డర్ మాత్రం చీకటి నుంచే వస్తుంది. డిసెంబరాల పేరులోనే ఆ సంగతి కొంత ఉంది. బంతి మధ్యరకం, పొడుగు బంతి చిన్న పగళ్ళలో త్వరగా పూస్తుంది కానీ పెద్ద పగళ్ళలో కూడా మొండికెయ్యదు, అందుకే బతుకమ్మ కోసం బంతి వేసుకునేవాళ్ళకి సమస్య తక్కువ, నారు జూన్‌లో వేసుకుంటే ఫ్రాస్ట్ లోపు అయిపోతుంది.

రాత్రి పొడుగు సంగతి ఎలా బయటపడింది

ఈ కథ మన సమస్యకి అచ్చం అద్దం. వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్‌లో అమెరికా వ్యవసాయ శాఖ పొలంలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు ఒక పొగాకు రకం పెంచారు, పేరు మేరీలాండ్ మామత్. మనిషెత్తు దాటి పెరిగేది, వంద దాకా ఆకులు, కానీ వేసవంతా పువ్వు పెట్టేది కాదు, పెట్టేలోపు చలికి చచ్చేది, విత్తనం దొరికేది కాదు. అదే మొక్కని గ్రీన్‌హౌస్‌లో పెడితే క్రిస్మస్ వేళకి పూసేది. ఎరువు మార్చారు, నీళ్ళు మార్చారు, ఏం లాభం లేదు. చివరికి మండు వేసవిలో రోజూ సాయంత్రం పొద్దు ఉండగానే కుండీల్ని చీకటి గదిలోకి నెట్టి, పొద్దున ఆలస్యంగా బయటకి తీశారు. పూసేసింది. 1920లో ఆ పేపర్ అచ్చైంది. తర్వాత 1938లో హామ్నర్, బోనర్ ఇంకో మొక్క మీద చూపించిందేంటంటే మొక్క లెక్కపెట్టేది పగలు కాదు, ఎడతెగని చీకటి. రాత్రి మధ్యలో కాసేపు లైటు వేస్తే ఆ రాత్రంతా లెక్కలోకి రానట్టే.

బెంగళూరు చుట్టుపక్కల చామంతి తోటల్లో రాత్రిళ్ళు బల్బులు వేలాడదీసి వెలిగిస్తారు, చూసే ఉంటారు. అది ఈ సూత్రాన్ని తిరగేసి వాడటం. పువ్వు అప్పుడే రాకుండా ఆపి, కాండం పెరగనిచ్చి, ధర ఉన్నప్పుడు లైట్లు ఆపేస్తారు. మనకి కావాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

హైదరాబాద్ జూన్, ఎడిసన్ ఆగస్టు

హైదరాబాద్‌లో ఏడాదిలోకెల్లా పెద్ద పగలు జూన్ 21న, పదమూడు గంటల మీద ఓ పది నిమిషాలు. అంతే, అంతకన్నా పెద్ద పగలు అక్కడి చామంతి జన్మలో చూడదు. ఎడిసన్‌లో జూన్ 21న పగలు పదిహేను గంటలు దాటుతుంది. అది తగ్గుతూ తగ్గుతూ హైదరాబాద్ *గరిష్ఠానికి* చేరేసరికి ఇక్కడ ఆగస్టు ఆఖరు. అంటే అక్కడ ఏడాదిలో అతి పొట్టి రాత్రి ఎంతుంటుందో, అంత రాత్రి ఇక్కడ చామంతికి దొరికేది స్కూళ్ళు తెరిచే వేళకి. ఆ తర్వాత రోజుకి సుమారు రెండున్నర నిమిషాల చొప్పున పగలు తగ్గుతుంది, సెప్టెంబర్ 22కి పన్నెండు గంటలు, అక్టోబర్ 15కి పదకొండు.

రెండో సంఖ్య "రెస్పాన్స్ వారాలు". చాలినంత చీకటి మొదలైన రోజు నుంచి పువ్వు విచ్చేదాకా పట్టే కాలం. ఇక్కడ నర్సరీల్లో అమ్మే గుండ్రటి గార్డెన్ మమ్స్‌కి (చామంతినే ఇక్కడ మమ్ అంటారు) ఇది ఆరేడు వారాలు, పైగా కొంచెం పొట్టి రాత్రులకే తృప్తిపడతాయి. మనవాళ్ళు ఒకరి దగ్గర్నుంచి ఒకరు పిలకలు తెచ్చుకుని పెంచే పెద్ద పసుపు, తెల్ల చామంతులు చాలావరకు లేట్ రకాలు, పది పన్నెండు వారాలు.

లెక్క వేద్దాం. మన పసుపు చామంతికి కావాల్సిన రాత్రి సెప్టెంబర్ 5న దొరికిందనుకోండి. పది వారాలు, అంటే డెబ్భై రోజులు కలిపితే నవంబర్ 14. ఫ్రాస్ట్ అక్టోబర్ 20-25 మధ్య. లోటు మూడు వారాలు, అటూ ఇటూగా. అదీ చలి వల్ల అదనపు ఆలస్యం లేదనుకుంటే, నిజానికి అక్టోబర్ రాత్రిళ్ళు నలభైల్లోకి దిగాక మొగ్గ నత్తనడక నడుస్తుంది, కాబట్టి నవంబర్ 14 అన్నది కూడా ఆశే. అదే నర్సరీ మమ్ అయితే ఆగస్టు మొదటి వారంలోనే గడియారం మొదలవుతుంది, ఏడు వారాలు కలిపితే సెప్టెంబర్ ఆఖరు. పక్కింటి అమెరికన్ వరండాలో పూసి మన డెక్ మీద పూయకపోవడానికి చేతి మహిమ కారణం కాదు.

డాలస్ ఆవిడ మాట కూడా ఇప్పుడు అర్థమవుతుంది. దక్షిణానికి వెళ్ళేకొద్దీ వేసవి పగళ్ళు చిన్నవి, కాబట్టి వాళ్ళకి గడియారం ముందే మొదలవుతుంది, ఫ్రాస్ట్ నెల ఆలస్యంగా వస్తుంది. రెండు వైపులా లాభమే. వాళ్ళకున్న చిక్కు వేరు, దాన్ని హీట్ డిలే అంటారు, చామంతి మొగ్గ పెట్టే రోజుల్లో రాత్రి వేడి డెబ్భై అయిదు ఫారెన్‌హీట్ పైన ఉంటే చీకటి చాలినా పని వాయిదా వేస్తుంది. టెక్సస్ సెప్టెంబర్ అలాగే ఉంటుంది. అయినా వాళ్ళకి టైముంది, మనకి లేదు.

చీకటిని ముందుకు జరపడం, దాని తిప్పలు

లోటు మూడు వారాలుంటే పూడ్చే దారి పొగాకు వాళ్ళు చూపించిందే. ఆగస్టు 1 నుంచి రోజూ సాయంత్రం ఏడింటికి కుండీ మీద వెలుతురు చొరబడని నల్ల గుడ్డో పెద్ద అట్టపెట్టో బోర్లించి, పొద్దున తొమ్మిదింటికి తీస్తే పద్నాలుగు గంటల చీకటి. ఆగస్టు 1కి డెబ్భై రోజులు కలిపితే అక్టోబర్ 10. ఫ్రాస్ట్ రాకముందే పువ్వు.

కాగితం మీద ఇంత తేలిక, చెయ్యడం మాత్రం విసుగు. మొగ్గ రంగు చూపించేదాకా, అంటే ఆరేడు వారాలపైనే, రోజూ చెయ్యాలి, వారానికి రెండు రోజులు మర్చిపోతే ఆ మేరకు వెనకపడుతుంది. ఇంకో పేచీ ఏంటంటే ఆగస్టు సాయంత్రం నాలుగింటికే నల్ల కవర్ కప్పేస్తే లోపల ఓవెన్ అవుతుంది, చీకటి ఇచ్చిన లాభం హీట్ డిలే మింగేస్తుంది, అందుకే ఎండ దిగాక ఏడింటికి కప్పి పొద్దున ఆలస్యంగా తియ్యడం మేలు. ఇదంతా ఎందుకు, ఎర్లీ రకం కొనుక్కోవచ్చు కదా అనేవాళ్ళ వాదనలోనూ న్యాయం ఉంది. కానీ ఆ పసుపు చామంతి వాసన గార్డెన్ మమ్స్‌కి ఉండదు, జడలో పెట్టుకోడానికి ఆ రేక వేరు, ఆ మాట అన్నవాళ్ళతో వాదించడానికి నా దగ్గర మాటల్లేవు.

కొత్త చీకటి తేవడం కన్నా ముందు ఉన్న చీకటిని పోగొట్టుకోకుండా ఉండటం ఇంకా తేలిక. నాకిది దెబ్బతిన్నాకే తెలిసింది. మూడేళ్ళ క్రితం ఒక కుండీ సరిగ్గా సగానికి గీత గీసినట్టు పూసింది, పెరటి వైపు మొగ్గలు కిక్కిరిసి ఉన్నాయి, తలుపు వైపు ఒట్టి ఆకులు. ఎరువు ఒక పక్కకే పడిందేమో అనుకుని కుండీ తిప్పి తిప్పి చూశా. తీరా చూస్తే తలుపు పైన పోర్చ్ లైటు, సెన్సర్‌ది కూడా కాదు, తెల్లార్లూ వెలిగేది, ఆ వైపు కొమ్మలకి రాత్రే లేదు. వీధి దీపం పడే డ్రైవ్‌వే పక్కన పెట్టిన కుండీలదీ ఇదే గతి.

ఎరువు, తుంచడం, గిల్లడం: ఎవరి మాట ఎంతవరకు నిజం

బ్లూమ్ బూస్టర్ అని భాస్వరం బాగా ఎక్కువున్న పొడులు అమ్ముతారు. వాడేవాళ్ళు "వేశాకే మొగ్గొచ్చింది" అంటారు, వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, సెప్టెంబర్‌లో వేశారు, సెప్టెంబర్‌లో రాత్రి ఎలాగూ పెరిగింది. భాస్వరం నిజంగా తక్కువైన మట్టిలో దానివల్ల తేడా ఉంటుంది, కానీ వేసవంతా ఎరువు పడిన కుండీలో ఆ లోటు అరుదు. మొగ్గ పెట్టమనే ఆర్డర్ మాత్రం ఎరువు ఇవ్వలేదు. ఉల్లి తొక్కల నీళ్ళూ, అరటి తొక్కల నీళ్ళూ అంతే, హాని లేదు, గడియారం మీద అధికారమూ లేదు. నత్రజని విషయంలో మాత్రం దాదాపు అందరిదీ ఒకే మాట, మొగ్గ కనపడ్డాక తగ్గించాలి, రంగు కనపడ్డాక ఆపాలి, లేకపోతే ఆకు మెత్తబడి చలికి ముందు అదే పోతుంది.

తలలు తుంచడం గురించి ఇక్కడ "జూలై 4 తర్వాత తుంచొద్దు" అని ఒక పాత నియమం ఉంది. ఎర్లీ రకాలకి అది అక్షరాలా సరిపోతుంది, ఎందుకంటే వాటి గడియారం ఆగస్టు మొదట్లోనే కొడుతుంది, అప్పటికి కొమ్మ సిద్ధంగా ఉండాలి. లేట్ రకాలకి జూలై మూడో వారంలో తుంచినా పూసే తేదీ పెద్దగా మారదు, అవి ఎలాగూ సెప్టెంబర్ రాత్రుల కోసమే కూర్చుని ఉంటాయి. నల్ల గుడ్డ కప్పే ఆలోచన ఉంటే మాత్రం వాటినీ ఎర్లీ రకం లాగే చూడాలి.

ఇక పక్క మొగ్గలు గిల్లడం. పువ్వు పెద్దదవుతుంది, అందులో అనుమానం లేదు, ఎగ్జిబిషన్‌లో కనపడే భారీ చామంతులు అలా పెంచినవే. త్వరగా విచ్చుకుంటుందా అంటే, తేడా స్వల్పం. నేనైతే అక్టోబర్‌లో మిరియమంత ఉన్నవి తీసేస్తా, ఫ్రాస్ట్ లోపు అవి విచ్చుకునే అవకాశమే లేదు కాబట్టి. మా అమ్మ చూస్తే మాత్రం చెయ్యి పట్టుకుంటుంది.

ఆఖరి రెండు వారాలు: లోపలికా, బయటేనా

ఫోర్‌కాస్ట్‌లో 36 అని చూసి 32 కాలేదు కదా అని నిద్రపోయేవాళ్ళే ఎక్కువ నష్టపోతారు. ఆ వేడి కొలిచేది నేల మీద కాదు, మనిషెత్తులో. మబ్బు లేని, గాలి లేని రాత్రి ఆకు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది, నేల దగ్గర మూడు నాలుగు డిగ్రీలు ఇంకా తక్కువ ఉంటుంది. నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ళు 33 నుంచి 36 మధ్యకే ఫ్రాస్ట్ అడ్వైజరీ ఇవ్వడం ఇందుకే. అదే మబ్బు పట్టిన రాత్రి 36 అయితే ఏమీ కాదు, మబ్బు దుప్పటి. పోర్చ్ కప్పు కూడా దుప్పటే, పాత బెడ్‌షీటూ దుప్పటే, పలచటి గుడ్డ రెండు నుంచి నాలుగు డిగ్రీలు కాపాడుతుంది, అది కూడా నేలదాకా దిగి నేల వేడిని లోపల పట్టుకుంటేనే. చెట్టుకి తలగుడ్డ చుట్టినట్టు పైన కట్టేస్తే నేల వేడి బయటకే పోతుంది. ప్లాస్టిక్ ఆకుని తాకిన చోట ఆకు మాడుతుంది. దక్షిణం వైపు ఇటుక గోడ ఉంటే కుండీ దాన్ని ఆనుకుని ఉండటం మేలు, పగలంతా మింగిన ఎండని గోడ రాత్రి కక్కుతుంది.

చామంతి మరీ సుకుమారి కాదు. తేలికపాటి ఫ్రాస్ట్‌కి ఆకూ, గట్టి మొగ్గా తట్టుకుంటాయి, విచ్చుకున్న రేకలే ముందు గోధుమరంగు తిరుగుతాయి. మల్లె, కనకాంబరం అలా కాదు, వాటికి ఫ్రాస్ట్‌తో పనిలేదు, రాత్రి యాభై కిందకి వస్తే చాలు ముడుచుకుంటాయి, అవి సెప్టెంబర్ ఆఖరికి లోపలికి వచ్చెయ్యాలి.

చామంతిని లోపల పెడితే? ఇక్కడ రెండు పార్టీలు. లోపల వెచ్చగా ఉంటుంది కాబట్టి త్వరగా విప్పుతుంది అని ఒక పార్టీ, లోపల పెట్టిన మొగ్గ రాలిపోయింది లేదా పాలిపోయి విచ్చుకుంది అని ఇంకో పార్టీ. ఇద్దరిదీ నిజమే, తేడా మొగ్గ ఏ దశలో ఉందన్న దగ్గర. రంగు కనపడుతున్న మొగ్గకి కావాల్సింది కాస్త వెచ్చదనం, అది లోపల దొరుకుతుంది. పచ్చి మొగ్గకి ఇంకా వారాల తిండి కావాలి, దాన్ని ఇచ్చేది ఎండ, కిటికీ లోపల ఎండ బయట ఉన్నదానిలో చిన్న వంతు. పైగా లివింగ్ రూంలో రాత్రి పదకొండింటిదాకా లైట్లు, అంటే మళ్ళీ పోర్చ్ లైటు కథే, రంగు చూపించాక దానికి లైటుతో పేచీ లేదు, అంతకు ముందు ఉంది. హీటర్ పొడిగాలి వేరే తంటా. అందుకే చాలామంది చేసే మధ్యేమార్గం, పగలు డెక్ మీద, ఫ్రాస్ట్ రాత్రులు మాత్రం గరాజ్‌లో. ఆ ఒకటి రెండు రాత్రులు దాటిస్తే చాలు, అక్టోబర్‌లో ఒక చలి విడత పోయాక మళ్ళీ వారం పది రోజులు మంచి ఎండ దొరకడం మా వైపు మామూలే, ఆ వారమే చాలా కుండీల్ని గట్టెక్కిస్తుంది. గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి ఉంచితే వచ్చే పొగలో ఇథిలీన్ అనే, మొగ్గలు రాల్చే వాయువు ఉంటుంది, పక్కన యాపిల్ బుట్ట ఉంటే దాంట్లోంచీ వస్తుంది, చామంతి దాన్ని పెద్దగా పట్టించుకోదు కానీ మందారం మొగ్గలు తెల్లారేసరికి నేల మీద ఉంటాయి.

హార్డ్ ఫ్రీజ్ వార్నింగ్ వచ్చేసి కుండీ ఎత్తే ఓపిక లేని రాత్రి కత్తెర కూడా ఒక దారే. రేకల రంగు బాగా బయటపడి వదులవుతున్న మొగ్గలున్న కొమ్మలు కోసి నీళ్ళ జార్‌లో పెడితే మూడు నాలుగు రోజుల్లో విచ్చుకుంటాయి, బిగుతుగా పచ్చగా ఉన్నవి అలాగే ఉండిపోతాయి. మిగిలిన మొదలుని జానెడు ఎత్తుకి కత్తిరించి, చలి తగిలినా గడ్డకట్టని గరాజ్ మూలలో పెట్టి, నెలకి రెండుసార్లు గ్లాసుడు నీళ్ళు పోస్తే మార్చిలో చుట్టూ పిలకలు లేస్తాయి, పోయినేడు మా ఇంట్లో ఒక్క కుండీ నుంచి పదకొండు లేచాయి, తొమ్మిది పంచేశాను.